ఛాయాచిత్రములో పురుషుడు

స్వస్థలము విడిచి హెబ్బగోడి పరిసరములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు వెంట తెచ్చుకొన్న వస్తువులలో తాతగారి పటమొకటి. మెడవరకు బొత్తాములు పెట్టిన కోటు, తలపాగా, దట్టమైన మీసము, నవ్వెరుగని పెదవులు. మగవాడనగా ఇట్లుండవలెనని ఇంటిలో ఎవరును నోటితో చెప్పరు. పటమే చెప్పును. పిల్లవాడు దినమునకు పదిమార్లు దాని క్రిందుగా పోవుచు ఆ పాఠమును నేర్చుకొనును. ఆ పాఠము ఎంతవరకు సత్యమని మన మెన్నడైనను అడిగితిమా?

ముందుగా యంత్రము సంగతి చూతము. పందొమ్మిదవ శతాబ్దపు గాజుపలకలు నీలికాంతిని మిక్కుటముగను, ఎరుపును అతిస్వల్పముగను గ్రహించెడివి. అందుచే పటములో నీలివస్త్రము తెల్లబారును, ఎర్రని తలపాగా నల్లబడును. తొలినాళ్ళలో చాలసేపు కదలక కూర్చుండవలసి యుండెను గనుక నవ్వు నిలుచుట కష్టము. తల కదలకుండ వెనుకనుండి ఇనుప ఊత నమర్చుటయు కలదు. తరువాత పలకలు చురుకైనవి, ఊతలు పోయినవి, బిగుసుకొని కూర్చుండు అలవాటు మాత్రము మిగిలినది. మనము పౌరుషమని మ్రొక్కుచున్న ఆ బిగువులో కొంత మర్యాద, కొంత భయము, కొంత కేవలము యంత్రపు లోపము!

హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున ఛాయాచిత్రకారుడై 'రాజా' బిరుదము నందిన లాలా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన పటములను చూడుడు. ప్రభువులు ముత్యాల హారములు, తురాయిలు, జరీ దుస్తులు ధరించి నిశ్చింతగా కూర్చుందురు. ఆ హారములవలన తమ మగతనమునకు లోటు కలుగునని వారికి తోచినట్లు లేదు. ప్రభువుల మాట యెందుకు? మన తాతలు చెవులకు పోగులు పెట్టుకొన్నవారే. పెండ్లినాడు పాదములకు పారాణి, కన్నులకు కాటుక, బుగ్గను చుక్క, నుదుట బాసికము ధరించి పీటలపై కూర్చున్నవారే. తెలుపు నలుపుల పటము ఆ పారాణి యెరుపును మ్రింగివేసినది. మనుమనికి మిగిలినది కోటు, మీసము.

ఇక ఆ మనుమడు గులాబిరంగు చొక్కా తొడిగికొని బడికి పోయినచో తోడిబాలురు పరిహసింతురు. అది ఆడువారి రంగట! 1918లో అమెరికాలోని ఒక వస్త్రవ్యాపార పత్రిక, గులాబి దృఢమైన రంగు గనుక మగశిశువులకును, నీలము సుకుమారము గనుక ఆడుశిశువులకును తగునని వ్రాసినది. తరువాత కొన్ని దశాబ్దములకే ఆ నియమము తలక్రిందులైనది. 2025 ఆగస్టులో మన హెబ్బగోడి మీదుగా నడువనారంభించిన మెట్రోమార్గమునకు పసుపురంగు పేరు పెట్టిరి. అది స్త్రీల రంగా, పురుషుల రంగా యని ప్రయాణికు లెవరును అడిగినట్లు వినలేదు.

ఇది చొక్కాల ముచ్చట, దీనికి ఇంత విచారమేల యని పెద్దలు అనవచ్చును. రంగు చిన్నదే. కాని రంగు విషయమున వెనుదీసిన బాలుడు పెద్దవాడై కన్నీటి విషయమునను వెనుదీయును. ఈ ప్రాంతపు కర్మాగారములలో, కంపెనీలలో పని పోయిన పురుషుడు ఆ మాటను ఇంటిలో చెప్పలేక, ప్రతియుదయమును యథాప్రకారము సంచి తగిలించుకొని వెడలిపోవుట కలదు. చెప్పినచో తాను తాతగారి పటమునకు తగనివాడగునని అతని భయము.

మన సంప్రదాయము ఈ విషయమున మనకంటె ఉదారమైనది. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగమునకు వచ్చినపుడు ఆంధ్రదేశము తలయూపినది. 1956లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారు భామవేషముననే కీర్తి నందిరి. ఇచ్చట మన కన్నులయెదుటనే చైత్రపూర్ణిమ రాత్రి బెంగళూరు కరగ వెడలును. ధర్మరాయస్వామి ఆలయమునుండి తిగళ కులస్థుడైన అర్చకుడు చీర కట్టి, గాజులు తొడిగి, ద్రౌపదీశక్తిని మల్లెపూల కరగముగా శిరస్సున ధరించి నడచును. వీరకుమారులు కత్తులు దూసి ఆయనను కాచుచు వెంబడింతురు. మన ఆనేకల్ తాలూకాలోను కరగ ఉత్సవము కలదు. కత్తి పట్టినవారు చీర కట్టినవానికి మ్రొక్కు ఆ దృశ్యమును ఛాయాచిత్రములలో చూచి మనము పులకింతుము.

అయినను ఒక మాట దాచరాదు. ఆ అనుమతి అమ్మవారిది, లేదా రంగస్థలముది. తెల్లవారి అదే మనుష్యుడు గాజులతో అంగడికి వచ్చినచో మన చూపు వేరుగ నుండును. కావున ఉత్సవమును చూపి మనము విశాలహృదయులమని చెప్పుకొనుట సులభము, సాధారణ దినమున ఓర్చుటయే కష్టము.

ఈ సాధారణ దినమును పటములో నిలిపినవారు ఆఫ్రికాలో గలరు. మాలీ దేశపు బమాకో నగరమున సేదూ కేయితా 1950ల చివర తీసిన ఒక పటములో తెల్లని దుస్తులు ధరించిన యువకుడు చేత ఒక పువ్వును సుకుమారముగ పట్టుకొని మనవైపు చూచుచుండును. దేవత లేదు, నాటకము లేదు. బాంగీ నగరమున సామ్యుయేల్ ఫోసో 1975లో, పదమూడేండ్ల ప్రాయమున, స్టూడియో తెరచెను. పని ముగిసిన పిదప మిగిలిన ఫిల్మును వృథాచేయక రకరకముల వేషములతో తన రూపమునే చిత్రించుకొని అవ్వకు పంపుచుండెను. 1997లో అతడే రంగుల పటములలో నావికుడుగను, నాయకుడుగను, స్త్రీగను కన్పట్టెను.

మన ఇండ్లలో ఇప్పుడు ప్రతివాని చేతిలోను కెమెరా కలదు, రంగులకు కొదువ లేదు. ఐనను పటము తీయుచోట తండ్రి చేతులు కట్టుకొని వెనుకవరుసను నిలుచును. పసిబిడ్డ తల్లి యొడిలోనే యుండును. రాత్రులందు ఆ బిడ్డను భుజముపై వేసికొని జోకొట్టినవాడు ఆ తండ్రియే కావచ్చును, పటము మాత్రము ఆ సంగతి చెప్పదు. గాంభీర్యము కోరువారు గంభీరముగనే కూర్చుందురు గాక. కోరని పిల్లవానిని మాత్రము "మగవాడివి, నవ్వకు" అని గడ్డము పట్టి సరిచేయవలదని పటము తీయువారిని మేము కోరుచున్నాము.