మళ్ళీ ఎప్పుడు అడుగుతారు?

యానాం చుట్టూ ఆంధ్రప్రదేశే, పాలన మాత్రం పుదుచ్చేరిది. ఇదెలా కుదిరిందని ఎవరైనా అడిగితే నేను 1954 గురించి చెప్తాను. ఆ జూన్ 13న విలీనోద్యమకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేశారు. విలీనం కావాలన్నవాళ్ళు 170 మంది, వద్దన్నవాళ్ళు 8 మంది. నవంబర్ 1న పాలన చేతులు మారింది.

ఆ ఫలితంతో నాకు పేచీ లేదు. కానీ వీధిలో మనిషిని ఎవరూ నేరుగా అడగలేదు. 1949లో చందర్‌నగర్‌లో జనమే ఓటేశారు, ఇక్కడ ప్రతినిధులే. ప్రశ్నకి ఉన్నవీ రెండే జవాబులు.

ఇప్పుడు కృత్రిమ మేధ దగ్గర అదే పేచీ మళ్ళీ వచ్చింది. ఆ యంత్రాలు దేన్ని లక్ష్యంగా పెట్టుకోవాలో కంపెనీ గదుల్లోనే తేలిపోకూడదని, మామూలు జనం కూర్చుని చర్చించాలని కొందరంటున్నారు. 2023లో ఆంత్రోపిక్ సంస్థ సుమారు వెయ్యిమంది అమెరికన్లని నియమాలు చెప్పమని, ఇతరులు చెప్పినవాటి మీద ఓటెయ్యమని అడిగి, వాటితో ఒక మోడల్‌కి శిక్షణ ఇచ్చి చూసింది. అసలు అడక్కపోవడం కంటే నయమే. తమ మాట తామే చేర్చే వీలు కూడా వాళ్ళకి ఉంది. కానీ యానాంలో కూర్చుని ఫోన్‌తో తెలుగులో మాట్లాడే మనిషి ఆ వెయ్యిమందిలో లేడు.

'టెక్నాలజీ తెలియనివాళ్ళు ఏం తేలుస్తారు?' అనే మాట తరచూ వింటాను. 2001లో మెదక్ జిల్లాలో జరిగిన 'ప్రజాతీర్పు' దానికి జవాబు. చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్ళు, నిపుణుల వాదనలు విన్నారు, ఎదురు ప్రశ్నలు వేశారు, ఉమ్మడి రాష్ట్రంలో సేద్యం ఎటు పోవాలో తమ మాటల్లో చెప్పారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. ఆ తీర్పుకి ప్రభుత్వం కట్టుబడాలన్న నియమం మాత్రం లేదు.

ఇక్కడే నాకు 1956 నాటి భారత్–ఫ్రాన్స్ ఒప్పందం గుర్తొస్తుంది. ఈ ప్రాంతాల ప్రత్యేక ప్రతిపత్తిని ఇకమీదట మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలని అందులో రాశారు. 1954లో మిగిలిపోయిన లోటుని ఆ ఒక్క షరతు కొంతైనా పూడ్చిందనుకుంటాను.

యంత్రాల విషయంలోనూ నాకు కావాల్సింది అలాంటి షరతే. జనం మనసు మారుతుంది. కొన్ని తప్పులు పదేళ్ళకి గానీ బయటపడవు. ఈ రోజు జవాబుని యంత్రంలో పెట్టి తాళం వేసేస్తే, రేపు పుట్టేవాళ్ళ తరఫున మనం ఓటేసేసినట్టే. అందుకే ఎంతమందిని అడిగారన్న లెక్క చూపించినప్పుడల్లా నాకు ఇంకో రెండు ప్రశ్నలు మిగులుతాయి. మళ్ళీ ఎప్పుడు అడుగుతారు? అప్పుడు మేం వద్దంటే ఆపుతారా?