సేటు, గొల్ల తాత, పట్టీతల బాతులు

ఆర్మూరులో ఒక పసుపు సేటు ఉండేవాడు. కల్లాల దగ్గరికే వెళ్లి సరుకు కొనేవాడు. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి లోపలి రంగు చూసేవాడు. అది ఎంత మేలైన రంగైనా ముఖంలో ఏమీ తెలియనిచ్చేవాడు కాదు. కొమ్ము అక్కడే పడేసి, వానల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడి, పోతూ పోతూ ఏదో గుర్తొచ్చినట్టు ధర చెప్పేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది.

సంక్రాంతికి ముందు రోజులు. పసుపు ఇంకా భూమిలోనే ఉంది, సేటుకు పని లేదు. కొడుకు కొత్త కెమెరా కొనిచ్చాడు. నందిపేట వైపు శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్‌లో చలికాలం బాతులు దిగుతాయని ఎవరో చెబితే, తెల్లవారకముందే బండి తీశాడు.

1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు అది. చలికాలంలో నీళ్లు వెనక్కి తగ్గిన చోటల్లా ఒండ్రు మీద గడ్డి మొలుస్తుంది. ఆ అంచున పట్టీతల బాతులు గుంపుగా ఉన్నాయి. బూడిదరంగు ఒళ్లు, తెల్లని తల, తల వెనుక రెండు నల్లని పట్టీలు. మంగోలియా, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి హిమాలయాలు దాటి వచ్చే జాతి ఇది. 7,000 మీటర్లకు పైన కూడా ఎగిరినట్టు శాస్త్రజ్ఞులు కొలిచారు. పక్కనే ఇటుకరంగు జక్కవలు జంటలు జంటలుగా ఉన్నాయి. మన కవులు రాత్రయితే చాలు వాటిని విడదీసి ఏడిపించారు గానీ, ఇక్కడ మాత్రం హాయిగా కలిసే మేస్తున్నాయి.

సేటు కెమెరా కంటికి ఆనించి తిన్నగా నడిచాడు. ఒక తల లేచింది. తర్వాత పది లేచాయి. ఆ తర్వాత గుంపు గుంపంతా గాల్లోకి లేచింది. ఫొటోలో తోకలే పడ్డాయి. అవి మళ్లీ వాలిన చోటికి ఈసారి తుప్పల చాటున వంగి వంగి వెళ్లాడు. మళ్లీ తోకలే. పొద్దెక్కేదాకా ఇదే వరస.

విసిగి గట్టు మీద కూలబడేసరికి, గొంగడి కప్పుకున్న గొల్ల తాత ఒకడు గొర్రెల మందతో అటే వచ్చాడు. ఒక్కసారీ బాతుల వైపు చూడలేదు. ఆగుతూ, గొర్రెల్ని అదిలిస్తూ, పక్కవాటంగా సాగిపోయాడు. రెండు మూడు తలలు లేచి మళ్లీ గడ్డిలోకి దిగాయి. అంతే.

"తాతా, నిన్ను చూసి ఎగరవేంది?"

"నాకు వాటితోని ఏం పని సేటూ? నా గొర్లే నాకు చాలు. నువ్వు వాటి కోసమే వస్తున్నవని వాటికి ఎరుకైంది. నక్క గూడ గట్లనే కండ్లు వాటి మీద పెట్టి వస్తది. నువ్వు వంగి వచ్చినప్పుడైతే అచ్చం నక్కవే."

సేటు నవ్వబోయి ఆగిపోయాడు.

"కల్లం కాడ ఆత్రం మస్తు దాస్తవ్. పోయినేడు మా తమ్ముని కుప్ప కాడ జూసిన. నీ ఉపాయం వానికి తెల్వదనుకున్నవా? తెలుసు. అప్పుంది, పెండ్లికెదిగిన బిడ్డుంది, యాడికి పోతడు? తెల్వనట్టు ఉండి ఇచ్చిండు. బాతులకు రెక్కలున్నయ్ సేటూ."

సేటు చాలాసేపు మాట్లాడలేదు. కెమెరా బండిలో పెట్టేసి వచ్చి, తాత పక్కన గొర్రెల నడుమ కూర్చున్నాడు. ఎండ ముదిరేసరికి బాతులే మేసుకుంటూ ఇటు జరిగాయి. ఒక జక్కవ రెక్క విదిలిస్తే అందులోని ఆకుపచ్చ మెరుపు వట్టి కంటికే కనిపించింది. ఫొటో మాత్రం రాలేదు.

నీతి: ఎదుటివాడు కదల్లేని చోట మన తెలివి గెలిచినట్టే కనిపిస్తుంది. లేచిపోగలవాడి ముందే మన నడక ఎలాంటిదో తేలుతుంది. చలికాలమంతా తిని ఒళ్లు చేస్తేనే ఆ పక్షులు వసంతంలో మళ్లీ కొండలు దాటగలవు. మనం లేపిన ప్రతిసారీ ఆ తిండికి గండి పడుతుంది. కాబట్టి చూడాలనుకునేవారు దూరాన కూర్చోండి, డ్రోన్లు ఎగరేయకండి. కల్లాల మీద పసుపు కొనబోయే సేట్లు మాత్రం, బేరానికి దిగేముందు ఒక పూట ఆ బాతుల దగ్గర గడిపి వెళ్లండి.