విరామ జీవితమునకు సముద్రతీరము

ఉద్యోగమునుండి విరమించిన మనుష్యుడు మిగిలిన కాలమును ఎచ్చట గడపవలెనను ప్రశ్న మా తండ్రుల కాలమున పుట్టలేదు. పొలమున్నవానికి పొలమే విరామస్థానము. కొడుకు నాగలి పట్టిన నాడు తండ్రి వాకిట మంచము వేసికొనెను. విరమణ యనగా అంతియే. నెలజీతముపై బ్రదికి, నెలనెల వచ్చు పింఛనుపై వృద్ధులమగుచున్న మా తరమునకే ఈ చిక్కు వచ్చినది. పొలము కదలదు. పింఛను మనుష్యుని వెంట ఎంత దూరమైనను నడచి వచ్చును. 2014లో కేంద్రప్రభుత్వమువారు జీవన్ ప్రమాణ్ పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట, బ్రదికియున్నామనుటకు సాక్ష్యమగు వ్రేలిముద్రను దేశములో ఏ మూలనుండి వేసినను చెల్లుచున్నది. సర్కారువారికి మనము జీవించియుండుట కావలెను గాని, ఎచ్చట జీవింతుమో అక్కరలేదు. కావున ఆ విచారము మన నెత్తిననే పడినది.

నేను 1975లో పదునొకండవ తరగతి ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో ఉత్తీర్ణుడనై, కొన్నేండ్లకు ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా చేరి, 2016లో 58వ ఏట విరమించితిని. తమిళనాట విరమణ వయస్సును 2020లో 59కిని, మరుసటి ఏట 60కిని పెంచిరి. నా వెనుకవారికి కుర్చీ రెండేండ్లు అధికముగా దక్కినది. అది లాభమో నష్టమో వారే చెప్పవలెను. నన్ను సాగనంపిన నాడు తోడివారు శాలువ కప్పి, దండ వేసి, "ఇక మీకు పూర్తి స్వేచ్ఛ" అని ప్రసంగించిరి. ఆ మాట నేను నమ్మితిని. ఇంటికి వచ్చి, "సముద్రమునకు దగ్గరగా ఒక ఊరు చూచుకొందమా?" అని నా భార్య నడిగితిని. ఆమె నవ్వి ఊరకుండెను. ఆ నవ్వున కర్థము నాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

మా మల్లాపురము నెరుగని చదువరులకు ఒక మాట. జోలార్‌పేటనుండి సేలమునకు పోవు రైలుమార్గమున బొమ్మిడి స్టేషను కలదు; ఆ ప్రక్కనున్నదే మా ఊరు. బి. మల్లాపురమను పేరిటి "బి" బొమ్మిడికి గుర్తు. సేర్వరాయ కొండలు మాకు కనుచూపు మేరలోనే యున్నవి. ఆ కొండలలో పుట్టిన వాణియారు పొన్నైయారులో కలియును. ఆ నీరు కడలూరు వద్ద సముద్రమును చేరును. ఎండ కొరకు ఊరు వెదకువాడు మా ధర్మపురి జిల్లాలో పిచ్చివాడనిపించుకొనును, వేసవిలో ఇచ్చట ఎండకు కొరత యేమి? కాని మార్గళినెలలో కొండలనుండి మంచు దిగునప్పుడు నా భార్య మోకాళ్లు పట్టివేయును. తెల్లవారి లేచి వాకిలి చల్లుట ఆమెకు శిక్షయై తోచును. సముద్రపు గాలి వెచ్చన, అచ్చట చలికాలము తేలికగా గడచునని ఎవరో చెప్పగా విని, నేను ఆ ఆలోచన చేసితిని. ఆమె కొరకే చేసితినని ఆనాడు అనుకొంటిని.

ఎండకును సముద్రమునకును వెలకట్టుట చలిదేశములవారు నేర్పిన విద్య. 1750 ప్రాంతమున ఆంగ్లదేశమున రిచర్డ్ రస్సెల్ అను వైద్యుడు సముద్రజలము రోగహరమని గ్రంథము వ్రాసెను. పిదప బ్రైటన్ అను బెస్తల ఊరు ధనికుల విడిదియైనది. 1889లో జర్మనీ దేశమున బిస్మార్కు వృద్ధాప్యపు పింఛను శాసనము తెచ్చినప్పుడు అర్హత వయస్సు 70 ఏండ్లు. అంతవరకు బ్రదుకువారు ఆనాడు ఎందరుందురు? ఆయుర్దాయము పెరిగిన కొలది పింఛను పుచ్చుకొను సంవత్సరములును పెరిగినవి. అమెరికావారు ఫ్లోరిడాకును, ఆంగ్లేయులు స్పెయిను తీరమునకును తరలిపోవుట ఆరంభమైనది. వారు చలినుండి పారిపోయిరి. మనము దేనినుండి పారిపోవుచున్నామో మనలను మనమే అడుగుకొనవలెను.

మన పెద్దలు మాత్రము ఊరు విడువలేదా? విడిచిరి. మనుస్మృతిలో, గృహస్థుడు తన దేహమున ముడతలను, తల నెరయుటను, మనుమని ముఖమును చూచిన పిమ్మట అరణ్యమునకు పోవలెనని చెప్పబడినది. పోవునప్పుడు భార్యను కుమారులకు అప్పగింపవచ్చును. లేదా వెంటగొని పోవచ్చును. ఈ రెండు మార్గములును చిన్ననాటినుండి వినుచున్నవే. వీనిలో ఆమెను అడుగుట అను మూడవది లేదని నాకు అరువదేండ్లు దాటిన పిదప తట్టినది.

ఇక ఊరెంచుట. పుదుచ్చేరి మాకు దగ్గర. విరమించిన మిత్రుడొకడు అచ్చట స్థిరపడి రమ్మనుచుండెను. కాని నా మనస్సు తెలుగుదేశముపై నుండెను. జీవితమంతయు తమిళమున ఫైళ్లు వ్రాసి, ఇంట మాత్రము తెలుగు మాటలాడి, వీధిలోనికి వచ్చి భాష మార్చుకొన్నవాడను. చివరి దినములలో నైనను గడప లోపలను వెలుపలను ఒకే భాష యుండవలెనను కోరిక మీలో ననేకులకు తెలిసినదే. అందుచేత విశాఖపట్టణమునకు పాతిక కిలోమీటర్లకు పైగా ఉత్తరమున, గోస్తనీనది సముద్రములో కలియు చోటనున్న భీమునిపట్టణము నెంచితిని. అది 1861లో పురపాలక సంఘమేర్పడిన పాత ఊరు. ఇంట మాతోనుండు మా అక్కను హోసూరులో మా పెద్దవాని వద్ద విడిచి, చెన్నపట్టణమున బండి మారి, 2018 జనవరిలో ఒక నెల యుండి చూతమని పోయితిమి. రెండు గదుల యిల్లు అద్దెకు దొరకెను.

మొదటి దినముననే సంతలో నాకు పరాభవము జరిగినది. "అరకిలో తక్కాళి, అరకిలో ఎర్రగడ్డలు" అంటిని. కూరలమ్ము నామె నా ముఖము చూచి, "టమాటాలా బాబూ? ఉల్లిపాయలా? మీరు అరవోళ్లా?" అనెను. ఆమె మాటలో కల్మషము లేదు, తూకమున ఒక ఉల్లిపాయ అధికముగా వేసినది గూడ. కాని నా మనస్సు చివుక్కుమనెను. మల్లాపురమున అరువదేండ్లు "తెలుగువాళ్లు" అనిపించుకొన్న కుటుంబము, తెలుగుదేశమున అడుగుపెట్టిన నాడే అరవవారమైతిమి. ఆ నెలలో నేను మాటలాడునప్పుడెల్ల ప్రతి మాటను ముందు లోలోన సరిచూచుకొంటిని. కార్యాలయమున తమిళమున టిప్పణి వ్రాయునప్పుడు గూడ ఇంత జాగ్రత్త పడలేదు.

సముద్రమును చూచితిని, బాగుగనే యుండెను. ఎంతసేపు చూతుము? పదియవ దినమునకు నాకు తోచుబడి కాలేదు. మల్లాపురమున ఉదయము తిన్నెపై కూర్చుండగనే ఎవడో ఒకడు పట్టా మార్పునకు అర్జీ వ్రాయుమనియో, వితంతు పింఛను కాగితము నింపుమనియో వచ్చును. భీమునిపట్టణమున నాతో పనియున్నవాడు ఒక్కడును లేడు. డచ్చివారి పాత శ్మశానమునకు పోయి కూర్చుంటిని. వారు 17వ శతాబ్దమున వర్తకమునకు వచ్చిరి. 1824 నాటి ఒడంబడికతో ఆ స్థానము ఆంగ్లేయులదైనది. సమాధులు మాత్రము మిగిలినవి. ఇంకొక దినమున తొట్లకొండకు పోయితిని. సముద్రమునకు ఎదురుగా ఆ కొండపై రెండువేల యేండ్లనాడు బౌద్ధ భిక్షువులు వసించిరి. వాననీరు నిలువజేయుటకు రాతిలో తొలిచిన తొట్లవలన ఆ పేరు వచ్చినదందురు. సర్వమును విడిచినవారు గూడ, క్రింది ఊళ్లనుండి భిక్ష దొరకు మేరలోనే కొండను ఎంచుకొనిరి గదా అని నాకు తోచినది. మనుష్యులతో పొత్తు తెగునట్లు విరమించుట సన్న్యాసులకే సాధ్యము కానప్పుడు గుమాస్తాకు సాధ్యమా? ఈ ఊహ నాకు మిక్కిలి నచ్చినది. ఇంటికి తిరిగిపోవుటకు ఇంతకంటె మంచి కారణమేమి కావలెనని, ఆ సాయంకాలము నా భార్యకు వివరించితిని.

ఆమె ఇసుకలో కాళ్లు చాచుకొని కూర్చుండెను. మోకాళ్ల నొప్పి ఆ పదిదినములు లేదని చెప్పెను. పిదప ననెను: "ఇక్కడ నేను ఎవరికీ ఏమీ కాను. కోడలిని కాను, వదినను కాను, అత్తను కాను. పొద్దున లేస్తే ఎవరు ఏమి తింటారు అనే తలపు లేదు. నాకు ఇదే బాగుంది."

నాకు నోట మాట రాలేదు. ఏ శూన్యము నన్ను బాధించుచుండెనో అదియే ఆమెకు సుఖమైనది. నేను ఎవరికిని అక్కరలేనివాడనైతినని కుందుచుండగా, ఆమె జీవితమున మొదటి మారు ఎవరికిని అక్కరలేకుండుటను అనుభవించుచుండెను. నాకు 58వ ఏట శాలువ కప్పిరి. ఆమెకు విరమణ తేదీ ఏది? ఇరువదవ ఏట మా యింట కాలు పెట్టినది మొదలు మా తల్లికి, తండ్రికి, పిల్లలకు, పిదప భర్తను పోగొట్టుకొని తిరిగివచ్చిన మా అక్కకు వండి వడ్డించినది. "అక్కను మేము చూచుకొనుచున్నాము" అని నేను బంధువులతో చెప్పుచుందును. ఆమె నా అక్క. వడ్డించునది నా భార్య. తెలుగు నిలుపుట మన విధియని సభలలో చెప్పితిని. 2006 నాటి చట్టముచేత బడులలో తమిళము నిర్బంధమైన పిదప, మా వీథి పిల్లలకు తెలుగు అక్షరములు ఇంటనే నేర్పవలెనని మొదట పట్టుబట్టినదియు నేనే. సాయంకాలము ఆ పిల్లలను కూర్చుండబెట్టి దిద్దించినది మాత్రము ఆమెయే. నేను ధర్మమని పేరు పెట్టిన పనులలో సగము ఆమె చేతిమీదుగా జరిగినవి.

నేనును ఊరకుండక వాదించితిని. భారతమున ఆశ్రమవాస పర్వములో కుంతిని చూడుమంటిని. కొడుకులు రాజ్యము గెలిచి వద్దని బ్రతిమాలుచుండగా, ఆమె ధృతరాష్ట్ర గాంధారుల వెంట అడవికి పోయినది. చోటు నెంచుకొనలేదు, మనుష్యుల నెంచుకొన్నది. వృద్ధాప్యమున చేయవలసిన ఎన్నిక అది అంటిని. ఆమె కొంచెమాలోచించి, "అడవికి పోయి కూడ బావగారికీ తోడికోడలికీ సేవే కదా చేసింది. ఆమెకు మాత్రము పని తప్పిందా?" అనెను. ఇంతకాలము ఆ కథ వినుచున్నాను. అడవిలో కుంతికి నిత్యము పడు శ్రమ ఎన్నడును నా కంటికి కనబడలేదు.

నెల ముగిసినది. మల్లాపురమునకు తిరిగి వచ్చితిమి. నిజము చెప్పవలెనన్న, నేను తీసికొని వచ్చితిని.

ఆ పిమ్మట ఆ మాట ఇంట లేచినప్పుడెల్ల నేను తుపానుల లెక్క చెప్పుచుంటిని. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 2004 డిసెంబరు 26న కడలూరు, నాగపట్టణములను ముంచిన సునామీ, 2014 అక్టోబరున విశాఖను కొట్టిన హుద్‌హుద్. తేదీలు గుమాస్తాకు కంఠస్థమే. ఇవి యన్నియు నిజములే. కాని నేను వానిని ఉపయోగించిన తీరు నిజాయితీ గలది కాదు. 2024 నవంబరు 30న పుదుచ్చేరి వద్ద తీరము దాటిన ఫెంగల్ తుపాను నా నోరు మూయించినది. అది లోనాటికి వచ్చి, మా ప్రక్కనున్న ఊత్తంగరైలో ఒక్క దినమున దాదాపు 50 సెంటీమీటర్ల వాన కురిపించెను. పొన్నైయారు పొంగి విల్లుపురము, కడలూరు జిల్లాల ఊళ్లను ముంచెను. మా పెంకులనుండి నీరు కారుచుండగా గిన్నెలు పెట్టుచు నా భార్య, "సముద్రము మనల వెతుక్కొని వచ్చినట్టుంది" అనెను.

వృద్ధులు ఎచ్చట నుండవలెను అను ప్రశ్నను నేను తప్పుగా వేసికొంటిని. ఎవరికి ఎవరు ఎంత ఋణపడియున్నారో లెక్క తీయక ముందే ఊరి పేరు వ్రాసితిని. అక్కను విడుచుట ధర్మము కాదు. ఇప్పటికిని నా అభిప్రాయమదియే. కాని ఆ ధర్మము నాది. దానిని నా చేతులతో చేయుటకు నాకు వచ్చిన అడ్డంకి వంట రాకపోవుట ఒక్కటే. ఇంత చిన్న కారణముపై నలువదేండ్లు నడచిన ఏర్పాటును ఆచారమని పిలుచుచుంటిని.

2025 జనవరిలో నా భార్య తన చెల్లెలిని తోడుగొని భీమునిపట్టణమునకు పోయెను. నేను అక్కతో మల్లాపురమున నిలిచితిని. బంధువులు కొందరు ఈ వయస్సున దంపతులు చెరియొక చోట నుండుటేమని గుసగుసలాడిరి. ఇంట కలహమని కొందరు నిశ్చయించిరి. అక్కయు మొదట ముఖము ముడుచుకొనెను. నేను చేసిన మొదటి రాగి సంగటి ఉండకట్టి లోపల పచ్చిగా నుండెను. "అమ్మి చేస్తే ఇట్లుండదు" అని అక్క కంచము త్రోసివేసి, మరల దగ్గరకు లాగుకొనెను. రెండవ వారమున చారు కుదిరినది. ఉదయము వాకిలి చల్లుట నేనే చేసితిని. మంచులో నీళ్లకుండ పట్టిన వ్రేళ్లు కొంకర్లు పోవునని ఆనాడు గాని నాకు తెలియలేదు.

రాత్రి ఫోనులో మాటలాడుకొనుచుంటిమి. కూరలమ్ము నామె ఇప్పుడు ఆమెను చూచిన వెంటనే "తక్కాళి కావాలామ్మా?" అని పలుకరించుచున్నదట. అక్క తిన్నదా, మాత్ర వేసికొన్నదా అని అడిగెను, అన్నియు చెప్పితిని. మాసము ముగియ వచ్చినది గదా, బండికి టిక్కెట్టు తీసితివా అని అడిగితిని. కొంతసేపు మాట వినబడలేదు. "ఇంకా తీయలేదు" అనెను.