మనము, మేము, వారు

ఉప్పలు మైదానమున క్రికెట్టు పోటీ జరిగిననాడు మల్కాజిగిరి వీధులలో నడచువారికి రెండు వాక్యములలో నేదో యొకటి తప్పక వినబడును. జట్టు గెలిచినచో "మనము గెలిచితిమి" అందురు. ఓడినచో "వాండ్లు ఓడిరి" అందురు. ఆటగాండ్రు వారే, పలుకువారును వారే. సర్వనామము మాత్రము మారినది. ఈ మార్పు వ్యాకరణమునకంటె ధర్మమునకే యెక్కువ సంబంధించినదని మా యభిప్రాయము.

ఇంగ్లీషునందును సంస్కృతమునందును ఉత్తమపురుష బహువచనమున నీ భేదము లేదు. తెలుగున గలదు: వినువానిని గలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. ఇంత సూక్ష్మమైన విభాగమును భాష మన చేతికిచ్చినది. దానిని మన మెట్లు వాడుచున్నాము?

1956వ సంవత్సరమున మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో జయించినది. పిదప యుగోస్లావియాచేత 4-1తోను, బల్గేరియాచేత 3-0తోను ఓడి నాలుగవ స్థానమున నిలిచినది. ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచే బడిపంతులు. (మావంటివారి కీమాట చెప్పుకొనుట యందు కొంత గర్వము లేకపోలేదు; అదియు నెరవు గర్వమే.) ఆటగాండ్రలో నొకడు తులసీదాస్ బలరాం. ఆయన పుట్టిన అమ్ముగూడ, మల్కాజిగిరినుండి బొలారమునకు బోవు రైలుదారిలోనిది. 1960లో రోమునందు హంగరీపైనను పెరూపైనను ఆయన గోలు చేసెను. రెండాటలును జట్టు ఓడినది.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదట దక్షిణ కొరియాచేత ఓడిన యా జట్టే, తుదిపోటీలో ఆ కొరియానే 2-1తో గెలిచి స్వర్ణపతకము నందెను. ప్రేక్షకులు ప్రతికూలురు. జర్నైల్ సింగ్ తలకు కుట్లతో నాడి గోలు చేసెను. రహీం దేహమును క్యాన్సరు తినుచుండెను. 1963 జూనులో ఆయన మరణించెను. ఆనాడు మైదానమున నున్నవారు "మేము గెలిచితిమి" అని యుండినచో, ఆ మాటలో మనకు చోటు లేదనుటకు వారి కధికారము లేదా?

జట్టు దేశము పేర నాడుచున్నది, దేశము మనది, కావున గెలుపు మనదే యని కొందరందురు. సంతోషించుట దోషమని మేము చెప్పము. అయితే తండ్రి యాస్తిని గైకొని ఋణమును త్రోసివేయు కొడుకును మన యిండ్లలో నేమందుము? నాలుగవ స్థానమును, రోమునాటి యోటమిని, వ్యాధిచే నాట మానుకొన్న ఆటగాని శేషజీవితమును "వారివి" యని విడిచి, జకార్తా పతకమును మాత్రము "మనది" యనుట అట్టిదే.

బలరాం 1963 ప్రాంతమున అనారోగ్యముచే నాట చాలించి, బంగాళమున నివసించి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాయందు కన్నుమూసెను. ఆ మరణవార్త చదువువరకు ఆయన మన పొరుగువాడని మాకు తెలియదు. మరునాడు తరగతిలో నీ సంగతి చెప్పగా, క్రికెట్టు వీరుల పేర్లు గుక్క తిప్పుకొనక వల్లించు బాలుడొకడు లేచి, "సార్, ఆయన గెలిచి వచ్చినప్పుడు అమ్ముగూడల ఎవరన్న ఎదురువోయిన్రా?" అని యడిగెను.

మేము జవాబు చెప్పలేక పాఠము కొనసాగించితిమి.