పక్క టేబుల్ మీద ఏడు శాతం

పోయిన దసరాకి కారు కొన్నాను. మూడు వారాలు చదివి మరీ కొన్నాను. ఉద్యోగం ఇంటర్వ్యూకి కూడా ఎప్పుడూ అంత చదవలేదు. షోరూమ్‌లో అడుగు పెట్టేసరికి నా ఫోన్‌లో ఒక స్ప్రెడ్‌షీటు, బయట తీసుకున్న ఇన్సూరెన్స్ కొటేషను, మా బ్యాంకు ముందే ఓకే చేసిన లోన్ లెటరు ఉన్నాయి.

సేల్స్ కుర్రాడు ఆన్‌రోడ్ ధర ప్రింట్ తీసి ఇచ్చాడు. ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్ పైన ఉన్నాయి. వాటితో పేచీ లేదు. కథంతా వాటి కింద ఉంటుంది. హ్యాండ్లింగ్ చార్జీలు 8,500. సీటు కవర్లూ, మ్యాట్లూ, ఒక చిన్న వినాయకుడూ కలిపిన 'ఎసెన్షియల్ కిట్' 14,000. ఇన్సూరెన్స్ 46,000. నా దగ్గరున్న కొటేషన్‌లో అదే కవరేజీ 31,000. అరగంటలో మొదటి రెండూ కొట్టేయించాను, మూడోది తగ్గించాను. కుర్రాడు పెద్దగా పోట్లాడలేదు. "సాఫ్ట్‌వేరా సార్?" అని అడిగి, నవ్వుతూ, "అందరూ మీలాగే వస్తే మాకేం మిగుల్తది సార్" అన్నాడు. పొగడ్తే అనుకున్నాను, నేనూ నవ్వాను.

అప్పుడు పక్క టేబుల్ మీది మాటలు వినపడ్డాయి. యాభై దాటిన ఒకాయన, పాతికేళ్ళ కొడుకు. కొడుకు క్యాబ్ నడపడానికి బండి. ఎనిమిది లక్షల లోను, అయిదేళ్ళు.

"బ్యాంకోళ్ళు తొమ్మిదంటుండ్రు. మీ దగ్గర ఏడేనా?"

"ఏడే సార్. నెలకు పద్దెనిమిది వేలు, రౌండ్ ఫిగర్."

ఆయన కొడుకు వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. బేరం గెలిచినవాడి చూపు అది.

ఫోన్ తీసి లెక్క కట్టాను. ఏడు శాతమంటే ఫ్లాట్. ఎనిమిది లక్షల మీద ఏడాదికి 56,000, అయిదేళ్ళకి 2,80,000, మొత్తం 10,80,000ని 60తో భాగిస్తే సరిగ్గా 18,000. మూడో ఏటికి అసలు సగానికి వచ్చినా వడ్డీ మాత్రం మొత్తం ఎనిమిది లక్షల మీదే నడుస్తుంది. బ్యాంకులు చెప్పే పద్ధతిలో, అంటే తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే, ఇది పన్నెండున్నర శాతం. ఆయన కాదనుకున్న తొమ్మిదికి నెలకి సుమారు 16,600 పడుతుంది. అయిదేళ్ళలో తేడా 83 వేల పైచిలుకు. అయినా ఆ టేబుల్ దగ్గర ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఏడు నిజం, పద్దెనిమిది వేలూ నిజం.

దీనికి చట్టంలో మందు ఉంది. 2024 అక్టోబర్ 1 తర్వాత మంజూరయ్యే రిటైల్ లోన్లకి 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలు రేటెంతో అందులో ఉండాలి, అదీ తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. మంచి నియమమే. కానీ ఆ కాగితం చేతికొచ్చేసరికి బయానా కట్టేసి ఉంటారు. ముహూర్తం చూసుకుని, చుట్టాలకి ఫోన్లు కూడా చేసేసి ఉంటారు. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టడమే మిగులుతుంది.

నేను లేచి చెప్పలేదు. నాకేం సంబంధం అనుకున్నాను. తప్పుగా అనుకుంటారేమో అనుకున్నాను. ఇప్పుడిప్పుడే నాకు అంత తగ్గించిన కుర్రాడి పక్కనే కూర్చుని వాళ్ళ బేరం చెడగొట్టడం బాగుండదనీ అనుకున్నాను. మూడింటిలో ఈ చివరిదే అసలు కారణం.

అమ్మేవాడు ఎంతవరకు చెప్పాలన్న చర్చ చాలా పాతది. క్రీ.పూ. 44లో సిసిరో 'కర్తవ్యాల గురించి' అనే పుస్తకంలో ఒక వర్తకుడి కథ ఎత్తుకుంటాడు. రోడ్స్ దీవిలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడ వచ్చింది. వెనక ఇంకా ఓడలొస్తున్నాయని వర్తకుడికి తెలుసు. చెప్పాలా? అబద్ధమాడనంతవరకు చెప్పక్కర్లేదంటాడు డయోజెనీస్. చెప్పాల్సిందే అంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి వైపే మొగ్గుతాడు. ఇది చదివినప్పుడల్లా నేనూ శిష్యుడి పార్టీయే. అమ్మేవాణ్ణి తిట్టడానికి మనకేం ఖర్చు?

అదే చర్చలో ఇంకో మాట ఉంది, చాలాకాలం గమనించలేదు. దారి తప్పినవాడికి దారి చూపనివాణ్ణి ఏథెన్స్‌లో బహిరంగంగా శపించేవారట. ఆ దారిన పోయేవాడు అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు. దారి తెలుసు, అంతే.

జాగ్రత్తపడటం మంచి గుణమనే పెరిగాం. కానీ నా జాగ్రత్త వల్ల షోరూమ్‌లో ఏ పద్ధతీ మారలేదు. నా దగ్గర మిగలనిది పక్క టేబుల్ దగ్గర మిగిలింది. కుర్రాడు అన్నది అదే, నేను నవ్విందీ దానికే.

కుర్రాడి మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు పెద్దగా లేదు. కొన్నేళ్ళ కింద ఒక యాప్‌కి పనిచేసినప్పుడు, డబ్బు కట్టే పేజీలో ఇన్సూరెన్స్ గడికి ముందే టిక్కు పెట్టింది నేనే. ఫాల్స్ అని ఉన్నదాన్ని ట్రూ చేశాను, ఒక్క లైను. 2023 నవంబరులో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలున్నాయి. వాటిలో 'బాస్కెట్ స్నీకింగ్' అన్నచోట నా లైను కనిపించింది. ఆ టిక్కు తీసేయడం నాకు తెలుసు కాబట్టి, నేను కొనేటప్పుడు ఎప్పుడూ తీసేసేవాణ్ణి.

దసరా రోజు డెలివరీకి వెళ్తే ఆ తండ్రీకొడుకులు మళ్ళీ కనిపించారు. బండికి బంతిపూల దండ, చేతిలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి, ఫొటోలు. ఫొటోలయ్యాక ఆయన స్వీట్ బాక్స్ పట్టుకుని హాల్లో ఉన్న అందరికీ పంచుతూ నా దగ్గరికొచ్చాడు.

"తీసుకో సారూ. మీది గూడ లోనేనా? వడ్డీ ఎంత పడ్డది?"

"తొమ్మిది" అన్నాను.

ఆయన మొహంలో నిజంగానే జాలి కనిపించింది. గొంతు తగ్గించి, "గీడ ఏడుకే ఇస్తుండ్రు సారూ. మమ్ముల అడిగితే చెప్తుంటిమి గద" అన్నాడు.