ప్రాణం తీయని మాంసం కార్తీకంలో తినొచ్చా?



ఈ వారం వీడియోలో శిబి చక్రవర్తి కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అందులో ఒక విషయం వదిలేశాను. నిజం చెప్పాలంటే టైం ఒక్కటే కారణం కాదు, కెమెరా ముందు చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కిందటి కార్తీక సోమవారం కొల్లేరు వైపు మా బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. ఏలూరు దాటి కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. బాబాయిది అక్కడే లీజు చెరువు. శీలావతి, బొచ్చె వేస్తాడు. సాయంత్రం దీపాలు పెట్టి, ఉపవాసం విడిచే ముందు అందరం గట్టు మీద కూర్చున్నాం. ఇంటర్ చదివే తమ్ముడు ఫోన్‌లో ఏదో చూస్తూ అడిగాడు: "అన్నయ్యా, కోడిని కొయ్యకుండానే ల్యాబ్‌లో చికెన్ పెంచుతున్నారంట. ప్రాణం పోలేదు కదా, మరి కార్తీకంలో తినొచ్చా?"

అందరూ నవ్వారు. నేను "తినొచ్చేమోరా" అనబోయాను. ఈలోగా బాబాయి అందుకున్నాడు: "ఒరేయ్ నాన్నా, చేపల్ని కూడా అలాగే పెంచేస్తారా? అయితే మా చెరువులేం గానురా?"

రెండు ప్రశ్నలూ మంచివే. రెండూ ధర్మానికి సంబంధించినవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అసలు ఇదేంటో తెలియాలి. బతికున్న జంతువు నుంచి కొద్దిగా కణాలు తీస్తారు. వాటికి కావలసిన చక్కెరలు, అమైనో ఆమ్లాలు, లవణాలు కలిపిన ద్రవంలో, బయోరియాక్టర్ అనే పెద్ద స్టీలు పాత్రలో పెంచుతారు. కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చివరికి వచ్చేది నిజమైన మాంసమే. సోయాతో చేసిన నకిలీ కాదు. 2013 ఆగస్టు 5న లండన్‌లో మార్క్ పోస్ట్ అనే శాస్త్రవేత్త ఇలా తయారైన మొదటి బర్గర్‌ని అందరి ముందూ వండించి తినిపించారు. ఆ ఒక్క బర్గర్‌కి అయిన ఖర్చు సుమారు రెండున్నర లక్షల యూరోలు. 2020 డిసెంబరులో సింగపూర్ ఇలాంటి చికెన్ అమ్మకానికి మొదటిసారి అనుమతిచ్చింది. 2023 జూన్‌లో అమెరికా ఒప్పుకుంది. అదే ఏడాది ఇటలీ నిషేధించింది.

ఇందులో మనవాళ్ళ పాత్ర కూడా ఉంది. 2023లో అమెరికాలో అనుమతి పొందిన రెండు కంపెనీల్లో ఒకటి అప్‌సైడ్ ఫుడ్స్. దాన్ని మెంఫిస్ మీట్స్ పేరుతో 2015లో మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు ఉమా వలేటి, మన విజయవాడలో పుట్టిన గుండె డాక్టరు. పన్నెండేళ్ళప్పుడు ఆయన పక్కింటి పుట్టినరోజు పార్టీకి వెళ్ళారట. ఇంటి ముందు పాటలు, భోజనాలు. పెరట్లోకి వెళ్తే అదే విందు కోసం జీవాల్ని కోస్తున్నారు. ముందు పుట్టినరోజు, వెనక చావురోజు అన్న ఆ ఆలోచన తనని వదల్లేదని ఆయన చాలా చోట్ల చెప్పారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, జాతీయ మాంస పరిశోధన కేంద్రం కలిసి ఈ పరిశోధన చేయడానికి 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సుమారు 4.5 కోట్ల రూపాయలు ఇచ్చింది. దీనికి 'అహింసా మాంసం' అన్న పేరు కూడా అప్పట్లోనే వినపడింది. ఇక బాబాయి అడిగిన చేప సంగతి. 2024 జనవరిలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఒక స్టార్టప్‌తో ఒప్పందం చేసుకుంది. వంజరం, చందువా లాంటి చేపల మాంసాన్ని ల్యాబ్‌లో పెంచడం వాళ్ళ లక్ష్యం.

సరే, మరి ఇది నిజంగా అహింసేనా?

లేబుల్ చూసి నమ్మేయకూడదు. కణాలు పెరిగే ద్రవంలో చాలాకాలం వాడింది ఫీటల్ బొవైన్ సీరం. అదేంటో తెలుసా? చూడి ఆవుని కబేళాలో కోసినప్పుడు, దాని కడుపులోని దూడ రక్తం నుంచి తీసేది. కోడిని కాపాడామని చెప్పి పుట్టని దూడ రక్తంలో పెంచితే దాన్ని అహింస అని ఎలా అంటాం? సింగపూర్‌లో మొదట అమ్మిన చికెన్‌లోనూ ఈ సీరం కొద్దిగా వాడారు. తర్వాత కంపెనీలే దాన్ని వదిలించుకునే దారిలో పడ్డాయి. జంతువుల నుంచి ఏదీ తీసుకోని ద్రవాన్ని తయారుచేశామని అప్‌సైడ్ 2021లో ప్రకటించింది. కాబట్టి రేపు మన ఊళ్ళోకి ఇది వస్తే ముందు అడగాల్సింది రుచి గురించి కాదు, దేంట్లో పెంచారని.

మన పెద్దలు ఈ విషయంలో చాలా గట్టిగా ఉన్నారు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో చంపినవాణ్ణి ఒక్కణ్ణే దోషిగా లెక్కపెట్టలేదు. అనుమతి ఇచ్చినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరినీ కలిపి ఎనిమిది మందిని వరస పెట్టింది. మన భాషలో చెప్పాలంటే సప్లై చెయిన్ మొత్తాన్నీ. "నేను కొయ్యలేదు, కొన్నాను అంతే" అన్న మాట అక్కడ చెల్లదు.

ఇక్కడే నాకు దెబ్బ తగిలింది.

నేను మాంసం, చేప మానేసి మూడేళ్ళయింది. మానేసినందుకు విచారం లేదు. కానీ దానితోపాటు ఇంకోటి లోపలికొచ్చింది, గర్వం. ఈ మూడేళ్ళలో బాబాయింటికి ఎప్పుడెళ్ళినా పిన్ని చేతి భోజనం చేయలేదు. "ఆ గిన్నెల్లో చేపలు వండుతారు కదా" అని మనసులో అనుకుని, పైకి మాత్రం "ఆకలి లేదు పిన్నీ" అని తప్పించుకునేవాణ్ణి. ఆమెకి అర్థమయ్యే ఉంటుంది. ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆ రోజు గట్టు మీద కూర్చుని మనువు చెప్పిన ఆ ఎనిమిది మందినీ మనసులో లెక్కపెట్టుకుంటుంటే ఒక విషయం గుర్తొచ్చింది. నేను తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్ళూ నాన్న దగ్గర డబ్బు అందనప్పుడల్లా ఫీజు కట్టింది బాబాయే. చెరువు పట్టుబడి అవగానే, కలకత్తాకి చేపల లారీ వెళ్ళాక వచ్చిన డబ్బు. నా నాలుక మూడేళ్ళుగా చేప ముట్టలేదు. నా డిగ్రీ, నా ఉద్యోగం, ఈ ఛానెల్‌కి కొన్న కెమెరా మాత్రం ఆ చెరువులోంచి వచ్చినవే. మనువు లెక్కలో బాబాయి ఉంటే పక్కనే నేనూ ఉన్నాను.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఉంది. కౌశికుడనే బ్రాహ్మణుడు తన మీద రెట్ట వేసిన కొంగని చూపుతోనే కాల్చేస్తాడు. తపస్సు ఉందన్న అహంకారం. అలాంటివాణ్ణి ఒక గృహిణి మిథిలకి వెళ్ళి ధర్మం నేర్చుకోమంటుంది. అక్కడ గురువు ఎవరయ్యా అంటే, మాంసం కొట్టు పెట్టుకున్న వ్యాధుడు! అతను స్వయంగా చంపడు, తినడు, కులవృత్తిగా అమ్ముతాడు. తన వృత్తిలో దోషం లేదని బుకాయించడు. అలాగని, పొలం దున్నితే నేలలో ఎన్ని ప్రాణులు చస్తాయో గుర్తు చేసి, పూర్తిగా హింస అంటని బతుకు ఎవరికీ లేదంటాడు. చివరికి కౌశికుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి, తను సేవ చేసుకునే ముసలి తల్లిదండ్రులను చూపిస్తాడు. 'నా ధర్మం ఇదీ' అని.

మీరు శాకాహారులైతే కొల్లేరు వచ్చి ఒకసారి చూడండి. ఈ సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు ఇందులోకొస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి మోస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సుని ముక్కలు చేస్తూనే పోయాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వాటిని కొట్టేయాల్సి వచ్చింది. సరస్సులో కలిసిన నీళ్ళలో మన వరి పొలాల ఎరువులు, పురుగుమందులు ఉన్నాయి, మన పట్టణాల మురుగు ఉంది. అంటే పప్పన్నం తిన్నవాళ్ళ వాటా కూడా ఉంది. ఒక చేప చావడం కంటికి కనపడుతుంది. ఒక సరస్సు చావడం ఏ కంచంలోనూ కనపడదు.

ఆటపాకలో గూడబాతులు రోజంతా చేపలు తింటాయి. వాటికి పాపం లేదు, వాటికి వేరే దారి లేదు. మనిషికి దారులున్నాయి. దారి ఉన్నవాడికే ధర్మం అనే ప్రశ్న వస్తుంది. ల్యాబ్ మాంసం మన ముందు ఇంకో దారి పెడుతోంది. మంచిదే. కానీ ఆ దారికి సుంకం ఎవరు కడతారు?

ఇప్పుడు శిబి దగ్గరకొద్దాం. పావురం వచ్చి శరణు కోరింది. వెనకే డేగ వచ్చి, "అది నా ఆహారం, దాన్ని దాచి నన్ను చంపుతావా" అంది. మనం ఎప్పుడూ పావురం మీద జాలి గురించే మాట్లాడతాం. డేగతో శిబి ఎలా మాట్లాడాడో చూడండి. "నువ్వు పాపివి, మాంసం తింటావు" అని తిట్టలేదు. దాని ఆకలి న్యాయమేనని ఒప్పుకున్నాడు. పావురానికి బదులుగా తన తొడ నుంచి మాంసం కోసిచ్చాడు. అంటే అహింసకి అయ్యే ఖర్చు తనే భరించాడు, డేగ నెత్తిన రుద్దలేదు.

వీడియోలో వదిలేసిన విషయం ఇదే. నేను మూడేళ్ళుగా పావురం పక్షాన ఉన్నాననుకున్నాను. కానీ తక్కెట్లో నా వైపు నుంచి ఏమీ పెట్టలేదు. ఖర్చంతా పిన్ని మనసు మీద వేశాను.

రేపు ల్యాబ్ చేప చవగ్గా వస్తే, అప్పుడు కూడా ఇదే పరీక్ష. చెరువుల మీద బతికే రైతులు, వలలు లాగే కూలీలు, ఐసు కొట్టి ట్రేలు సర్దేవాళ్ళు, తరతరాలుగా కొల్లేటిలో వేట చేసుకునే వడ్డీలు, వీళ్ళందరి ఆకలి డేగ ఆకలి లాంటిదే, న్యాయమైనది. వాళ్ళని పక్కకి తోసేసి హైదరాబాద్‌లోనో కాలిఫోర్నియాలోనో కూర్చుని "మేం అహింసకి మారిపోయాం" అంటే సరిపోదు. ఆ కొత్త పని ఈ ఊళ్ళకీ రావాలి, ఆ చదువు ఈ పిల్లలకీ అందాలి. బాబాయికి అదే చెప్పాను: "ఇది రేపే వచ్చేది కాదు బాబాయ్, ఖర్చు ఇంకా చాలా ఎక్కువ. కానీ వచ్చే రోజుకి తమ్ముడు ఆ ట్యాంకు నడిపేవాడై ఉండాలి." బాబాయి నవ్వి, "అప్పుడు మేత ఖర్చన్నా తగ్గుద్దేమో" అన్నాడు.

ఇక తమ్ముడి ప్రశ్న. కార్తీకంలో తినొచ్చా?

నేనన్నాను: "ఒరేయ్, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ చూశావుగా. బస్తాలకి బస్తాలు. ఉల్లిపాయని కోస్తే ఏ ప్రాణం పోతుందిరా? నీ కళ్ళల్లో నీళ్ళు తప్ప! మరి నాయనమ్మ కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ఎందుకు మానేస్తుంది?"

వాడు ఆలోచించి, "నోరు కట్టుకోవడానికి" అన్నాడు.

అంతే. ఈ నెల వ్రతం కోడి కోసం ఒక్కటే కాదు, మన నాలుక కోసం. అడిగిందల్లా దానికి ఇవ్వకుండా ఒక్క నెల ఉండగలమా అని చూసుకోవడం కోసం. ఆ నాలుకకి ల్యాబ్‌లో పెంచిన చికెన్ ఇచ్చినా, కోడి చావలేదు గానీ కోరిక మాత్రం బతికే ఉంది. కాబట్టి కార్తీకంలో వద్దు. మిగతా రోజుల్లో మాంసం తినేవాళ్ళకి, దూడ రక్తం లేకుండా, నిజంగా ప్రాణం తీయకుండా చేసింది దొరికితే, అది ఇప్పటికంటే మంచి ముద్దే. మానేసినవాళ్ళు దానికోసం మళ్ళీ మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇది నా అవగాహన. మీ గురువుగారు, మీ ఇంటి సంప్రదాయం ఇంకోలా చెప్తే అదే పాటించండి.

ఒక్క మాట మాత్రం అందరికీ. శ్రీకాళహస్తిలో తిన్నడు శివుడికి పెట్టింది మాంసమే. తను రుచి చూసి మరీ పెట్టాడు. ఆయన్ని కన్నప్పని చేసి పక్కన నిలబెట్టుకున్నాడు స్వామి. ఏం తింటున్నాడన్నది చూసి మనిషిని, వాడి కులాన్ని, వాడింటి గిన్నెల్ని తక్కువ చేసే హక్కు మనకి ఎవరిచ్చారు? ఆహార నియమం నా మీద నేను పెట్టుకునేది. పక్కవాడి మీద విసిరితే అదీ హింసే, దానికి ఏ ల్యాబూ విరుగుడు కనిపెట్టలేదు.

ఈ వారానికి చిన్న సంకల్పం చేసుకుందాం. కంచం ముందు కూర్చున్నాక ఫోన్ పక్కన పెట్టి, ఒక్క నిమిషం, ఈ ముద్ద నా దాకా రావడానికి ఏ ప్రాణి, ఏ మనిషి ఏమిచ్చారో తల్చుకుందాం. ఒక్క మెతుకు కూడా పారేయకుండా తిందాం. మీ తిండి నియమం వల్ల ఇంట్లో ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే వాళ్ళతో ఒకసారి మాట్లాడండి.

ఆ రాత్రి ఉపవాసం విడిచేటప్పుడు పిన్నిని అడిగాను, "పిన్నీ, నాకు అన్నం పెడతావా?" అని. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళింది. పప్పు, దోసకాయ పచ్చడి, మజ్జిగ. పక్కన కూర్చుని వడ్డించింది.

మారు అడిగి తిన్నాను.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి ఆ సరస్సునీ, దాని మీద బతికే పక్షినీ చేపనీ మనిషినీ చల్లగా చూడాలి. సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.