తలకింద కుంచం

మదనపల్లె టమోటా మండీలో ముప్ఫై ఏండ్లు లెక్కలు రాసిన గుమాస్తా ఒకాయన ఉండేవాడు. తెల్లారకముందే మండీకి చేరి, దిగిన క్రేట్లు ఎన్ని, లారీకెక్కిన క్రేట్లు ఎన్ని అని ఎంచడమే ఆయన పని. ఒక్క క్రేటు తేడా వచ్చినా ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. మండీ మానేశాక కూడా ఎంచే అలవాటు పోలేదు. కొండెక్కితే మెట్లు ఎంచేవాడు, పెండ్లికి పోతే విస్తర్లు ఎంచేవాడు.

భార్య ఆయనకు అక్క కూతురే. పెండ్లయి అన్నేండ్లయినా "మామా" అనే పిలిచేది. ఇద్దరూ కలిసి కొండకు ఇరవై రెండు సార్లు పోయివచ్చారు. ఆ లెక్క కూడా ఆయన దగ్గర ఉంది. మదనపల్లె బస్సు దిగడం, కొండ బస్సు ఎక్కడం, దర్శనం, లడ్డూలు, మళ్లీ బస్సు. కింద తిరుపతిని కిటికీలోంచి తప్ప చూసింది లేదు. మనలో చాలామంది సంగతీ ఇంతే. రామానుజాచార్యులు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఊరు కట్టించారని చెప్పుకునే ఊరు అది. దాదాపు తొమ్మిది వందల ఏండ్ల ఊరిని మనం బస్సు మారే చోటుగా వాడుకుంటున్నాం.

ఒక కార్తీకంలో ఆమె అడిగింది. "మామా, ఈసారి కొండకు వద్దు. కింద ఊరంతా నడిచి చూద్దాం. నువ్వూ నేనూ, ఒక దినం."

ఆయనకు నచ్చింది. ఆ రాత్రే కూర్చొని చీటీ రాశాడు. గోవిందరాజస్వామి, కోదండరామస్వామి, తాతయ్యగుంట గంగమ్మ, కపిలతీర్థం, ఇస్కాన్ గుడి, అలిపిరి పాదాల మండపం, చివరికి తిరుచానూరు అమ్మవారు. ఏడుకొండలవాడి ఊళ్లో ఏడు చోట్లు. పొద్దు గూకేలోపల అయిపోవాల.

బస్టాండులో దిగీ దిగగానే ఆయన నడక మొదలైంది. ముందు ఆయన, పది అడుగులు వెనక ఆమె. గోవిందరాజస్వామి పెద్దగోపురం కింద ఆమె తలెత్తి నిలబడిపోయింది. ఏడు అంతస్తుల గోపురం, మట్లి అనంతరాజు కట్టించింది. "మామా, రవంత నిలబడు. ఈ గోడ మీద బొమ్మలు చూడు" అనింది. ఆయన అప్పటికే లోపలి వాకిలి దాటిపోయాడు. దర్శనం చేసుకొని బయటికొచ్చి చీటీలో మొదటి పేరు పక్కన గీత పెట్టాడు. కోదండరాముడి దగ్గరా అంతే.

గంగమ్మ గుడి ముందర ఆమెకు చెప్పాలనిపించిన మాట ఒకటి ఉంది. చిన్నప్పుడు నాయన భుజం మీద కూర్చొని ఈ జాతర చూసింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పసుపు పూసుకొని వీధుల్లో పోతుంటే, వాళ్లలో తన మేనత్త మొగుడిని గుర్తుపట్టి పడీ పడీ నవ్వింది. ఆ కథ నోటిదాకా వచ్చింది. మొగుడు మాత్రం మలుపు తిరుగుతున్నాడు. కథ గొంతులోనే ఉండిపోయింది.

కపిలతీర్థం దారిలో ఆమె చెప్పు తెగింది. పిలిచింది. కార్తీక సోమవారం, దారి నిండా జనం. పిలుపు ఆయనకు అందలేదు. ఇద్దరి సెల్లులూ ఆయన సంచీలోనే ఉన్నాయి.

ఆయన కపిలేశ్వరుడిని చూశాడు, కొండ మీది నుంచి గుండంలోకి దూకే నీళ్లను చూశాడు, గీత పెట్టాడు. వెనకే వస్తూ ఉంటుందిలే అనుకున్నాడు. ఇస్కాన్ అయింది. అలిపిరిలో పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకొని, అయిదో గీత, ఆరో గీత సరిచూసుకొని, "ఏమ్మే, ఇంగ ఒకటే మిగిలింది" అంటూ వెనక్కి తిరిగాడు.

వెనక ఎవరూ లేరు.

అక్కడినుంచి ఆయన వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. పూలమ్మే ఆమెను అడిగాడు, ప్రమిదలమ్మే పిల్లోడిని అడిగాడు. చెట్టు కింద చెప్పులు కుట్టే ముసలాయన్ని అడిగితే, ఆయన సూది ఆపి, "ఏ రంగు చీర కట్టుకొనుండె?" అన్నాడు.

గుమాస్తా నోరు తెరిచాడు. మాట రాలేదు. పదేండ్ల కిందట ఏ లారీకి ఎన్ని క్రేట్లు ఎక్కాయో చెప్పగలిగిన మనిషి. పొద్దున్నుంచీ తనతో నడిచిన పెండ్లాం చీర రంగు తెలీదు. ఆకుపచ్చా? ఎరుపా? ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుంటే కదా తెలిసేది.

ముసలాయన ఇంకేమీ అడగలేదు. "నేరేడుపండు రంగు చీర కట్టిన ఒకామె చెప్పు కుట్టించుకొని ఊళ్లోకి పాయ. తప్పిపోతే మొదట చూసిన చోటికి పోవాలంట, వాళ్ల నాయన చెప్పినాడంట" అన్నాడు.

పొద్దు వాలేసరికి ఆయన గోవిందరాజస్వామి గోపురం దగ్గరికి చేరాడు. ఆమె అరుగు మీద కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తోంది. నేరేడు రంగు చీర. కూతురి పెండ్లికి తానే కొన్న చీర. ఆయన పక్కన కూలబడ్డాడు. ఆమె ఒలిచిన గింజలు ఆయన చేతిలో పోసింది. కోపం చేసుకోలేదు.

"ఇంకోసారి లోపలికి పొయ్యి నిదానంగా చూసొచ్చినా మామా. తమ్ముడు ఏడుకొండలవాడు కుబేరుడికి తీర్చాల్సిన అప్పు సొమ్మంతా కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకొని పండుకున్నాడంట గోవిందరాజులు. కొలిచే పని ఆయనకూ ఉండింది. అయిపోయినాక తలకింద పెట్టుకున్నాడు. నువ్వు ఇంకా నెత్తిన పెట్టుకొనే తిరగతా ఉండావు."

ఆయన చీటీ తీసి చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకొని ఆయన్ని గోపురం కిందికి తీసుకుపోయింది. వాకిలి గోడ మీద రామాయణం బొమ్మలు, వాటితోపాటు గోపురం కట్టించిన మట్లి రాజు, పక్కన ఆయన రాణులు. 17వ శతాబ్దం నుంచీ అట్లే కలిసి నిలబడి ఉన్నారు. పొద్దున ఆయన ఆ గోడ పక్క నుంచే పోయాడు.

చాలాసేపు చూశాక ఆయనే అడిగాడు. "గంగమ్మ గుడికాడ ఏందో చెప్పబోతివి?"

తిరుచానూరు ఆ దినం పోలేదు.

నీతి: తోడుగా నడవడమంటే వెనక ఉన్నవాళ్ల అడుగుకు మన అడుగు కలపడం.

ఎంచడం తప్పని ఈ కథ చెప్పదు. అప్పు తీర్చాలంటే కొలవాలి, దేవుడికైనా తప్పలేదు. అయితే కొలతకు ఒక వేళ ఉంది, ఆ వేళ దాటాక దాన్ని దించాలి. మన పెద్దలు ఈ సంగతి శ్రీనివాసుడి కథలోనే చెప్పి పెట్టారు. నారాయణవనంలో పద్మావతిని పెండ్లాడిన స్వామి నేరుగా కొండెక్కలేదట. కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్యుడు చెబితే, ఆయన ఆశ్రమంలోనే అమ్మవారితో ఉండిపోయాడట. ఆ మాట మీదే, వాళ్లు ఉన్న చోటని చెప్పుకునే శ్రీనివాస మంగాపురం ఇవాళ్టికీ కొత్త జంటలతో కళకళలాడుతుంది. కొండ ఎదురుగా కనబడుతున్నా భార్య కోసం ఆరు నెలలు ఆగిన దేవుడి దగ్గరికి మనం భార్యను వెనక వదిలి పరిగెత్తుతున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. క్యూలో, బస్టాండులో, మెట్లదారిలో, పది అడుగులు వెనక సంచీ మోసుకుంటూ వచ్చే ఆడవాళ్లను చూసినప్పుడల్లా ఈ కథ గుర్తొస్తుంది.

ఈసారి తిరుపతికి వచ్చినప్పుడు తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూట మిగుల్చుకోండి. ఇద్దరూ కలిసి గోవిందరాజస్వామి గోపురం కిందికి పోయి, ఆ గోడ ముందు కాసేపు నిలబడండి. రైల్వే స్టేషన్ నుంచి అది నడిచిపోయేంత దూరమే.